తాడు విప్పని పడవ

తిరిల్‌ని నేను మొదటిసారి దగ్గర నుంచి చూసినప్పుడు ఆమె బొటనవేలు నా పడవ కన్నంలో ఉంది.

ఏప్రిల్ నెల చివరి శనివారం. రీసోర్ రేవులో పడవల సంఘం వాళ్ళంతా కలిసి జెట్టీ బాగుచేసుకునే రోజు. దీన్నే దుగ్నాడ్ అంటారు: జీతం లేని పని, లెక్కలేనన్ని వాఫిల్స్. సగం ఊరు అక్కడే ఉంది. కొందరు చెక్కలు బిగిస్తున్నారు. కొందరు పడవల అడుగున అంటిన నాచు గీకుతున్నారు. మిగిలినవాళ్ళు కాఫీ తాగుతూ వీళ్ళకు సలహాలిస్తున్నారు.

సరిగ్గా ఆ రోజునే, అంతమంది ఎదుట, నా మొట్టమొదటి పడవను నీళ్ళలోకి దింపాలని నిర్ణయించుకున్నాను.

నేను పుట్టి పెరిగింది ఎల్వెరూమ్ అడవుల్లో. దారిలో దుప్పి ఎదురైతే ఏం చెయ్యాలో తెలుసు. మంచులో కారు కూరుకుపోతే ఏం చెయ్యాలో తెలుసు. సముద్రం మాత్రం సెలవుల్లో చూసి ఫోటో తీసుకునే వస్తువు. శరత్కాలంలో ఈ ఊరి మందుల షాపులో ఉద్యోగం వచ్చింది. కౌంటరు వెనక కిటికీలోంచి పొద్దస్తమానం నీళ్ళు, వాటి మీద తెల్లటి పడవలు. ఎంతకాలమని ఊరుకుంటాను? కొనేశాను. అయిదు మీటర్ల పడవ, నలభై గుర్రాల ఇంజిన్. లైసెన్సు పరీక్ష కూడా రాశాను. యాభై ప్రశ్నలకు నలభై తొమ్మిది రైటు.

కారు వెనక్కి పోనిచ్చి ట్రెయిలర్‌ను ర్యాంపు మీదుగా దింపాను. పడవ మెల్లగా తేలింది. ఎవరో చప్పట్లు కొట్టారు. నేను చెయ్యి ఊపాను. ఊపుతూ ఉండగానే పడవ వెనక భాగం కాస్త కిందికి ఒరిగినట్టు అనిపించింది.

"ఓయ్! బిరడా పెట్టావా?" జెట్టీ మీద నుంచి ఒక అమ్మాయి అరిచింది.

"ఏ బిరడా?" అన్నాను.

ఆమెకు ఇంకేమీ అడగాల్సిన అవసరం లేకపోయింది. ఛాతీ దాకా వచ్చే రబ్బరు సూటుతో గబగబా నీళ్ళలోకి దిగి, పడవ వెనక్కి వెళ్ళి, భుజం దాకా చెయ్యి ముంచింది.

"కదలకు!" అంది.

"పడవనా, నన్నా?"

"ఇద్దర్నీ."

గోధుమరంగు జుట్టు, ముక్కు మీద గ్రీజు మరక, విసుగుతో ముడిపడిన కనుబొమలు. నేను వాటిని చూస్తున్నాను. నా పడవ లోపలి నీళ్ళ మీద నా శాండ్‌విచ్ తేలుతోంది.

"చలికాలమంతా ఒడ్డున ఉంటుంది కదా, లోపల పడ్డ వాన నీళ్ళు పోవడానికి అడుగున కన్నం వదులుతారు. దింపే ముందు దానికి బిరడా పెడతారు. ఈ సంగతి ఈ ఊళ్ళో నడక రాని పిల్లలకి కూడా తెలుసు," అంది.

"మరి ఇప్పుడు ఆ కన్నంలో ఏముంది?"

"నా బొటనవేలు."

"చల్లగా ఉందా?"

"నీళ్ళు ఆరు డిగ్రీలు. ఇంకో ప్రశ్న అడిగితే వేలు తీసేస్తాను."

పరుగెత్తాను. బిరడా కారు ముందు అరలో ఉంది. దానికి పడవ అమ్మినాయన దారంతో ఒక కాగితం కూడా కట్టాడు: 'దింపే ముందు పెట్టుకో. మర్చిపోకు. నేను ఒకసారి మర్చిపోయాను.'

అది తెచ్చి బిగించేసరికి ఎర్రబడ్డ బొటనవేలిని ఊదుకుంటూ ఆమె ఒడ్డుకు వచ్చింది. ఆమె వెనకే ఒక పొడుగాటి పెద్దాయన, బూడిదరంగు ఊలు స్వెట్టరు, చేతిలో వాఫిల్. సంఘం పెద్ద స్వెర్రె. తిరిల్‌కి తాత.

"ఎక్కడివాడివయ్యా?" అన్నాడు.

"ఎల్వెరూమ్ అండీ. పేరు హల్వర్. మందుల షాపులో..."

"ఓహో," అన్నాడాయన. ఆ ఒక్క 'ఓహో'లో మా అడవులన్నీ కొట్టుకుపోయాయి. "పడవ బాగానే ఉంది. మనిషి సంగతే తెలియదు. తిరిల్ చూసి సరే అనేదాకా ఇది జెట్టీ దాటడానికి వీల్లేదు."

"తాతా! నాకేం పనిలేదా?"

"వేలు పెట్టింది నువ్వేగా," అని ఆయన వాఫిల్ కొరుకుతూ వెళ్ళిపోయాడు.

* * *

సోమవారం పొద్దున మందుల షాపు తెరవగానే రక్తపోటు మాత్రలకు వచ్చిన ఒక పెద్దావిడ నా చేయి పట్టుకుని, "బాబూ, తేలడానికి కూడా మాత్రలు వచ్చాయా? ఉంటే ముందు నువ్వు వేసుకో," అంది. ఆ వారమంతా దగ్గు మందుకు వచ్చినవాళ్ళు కూడా దగ్గడం మానేసి నవ్వారు.

మంగళవారం సాయంత్రం తిరిల్ వచ్చింది. రేవులోనే ఇంజిన్లు బాగుచేసే షెడ్డు ఆమెది. చేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ నా పడవలోకి దూకి, బడి తనిఖీకి వచ్చిన అధికారిలా నాలుగు మూలలా చూసింది.

"లంగరు?"

"ఉంది."

"దాని తాడు రెండో కొస ఎక్కడ?"

చూపించాను. తాడు రెండో కొస దేనికీ కట్టిలేదు.

"అంటే లంగరు వేస్తే అది అడుక్కి పోతుంది, నువ్వు పైనుంచి టాటా చెప్తావు. బాగుంది. తెడ్లు?"

"ఇంజిన్ ఉందిగా?"

"ఇంజిన్ ఉన్నవాళ్ళకే తెడ్లు కావాలి. నేను ఇంజిన్లు బాగుచేసి బతుకుతున్నాను, నా మాట నమ్ము. పెట్రోలు ఎంత పోస్తావు?"

"వెళ్ళి రావడానికి సరిపడా."

"వెళ్ళడానికి ఒక వంతు, రావడానికి ఒక వంతు, గాలి ఎదురు తిరిగితే ఇంకో వంతు. ఆ మూడోది లేకపోతే బయల్దేరకు. ఇదంతా ఎక్కడన్నా రాసుకుంటున్నావా, లేక నా మొహం చూస్తున్నావా?"

నిజం చెప్పడం ఇష్టంలేక జేబులోంచి పెన్ను తీశాను.

గురువారం ఆమె మళ్ళీ వచ్చేసరికి పడవంతా తెల్ల చీటీలు. షాపులో సీసాలకు అంటించే చీటీల మిషన్‌తోనే అచ్చువేశాను. బిరడా మీద: 'బయల్దేరే ముందు ఒకటి. తప్పనిసరి.' పెట్రోలు డబ్బా మీద: 'మూడు సమాన మోతాదులు. మూడోది అత్యవసరానికి.' లంగరు మీద: 'కొస కట్టిన తర్వాతే వాడవలెను.'

తిరిల్ ఒక్కొక్కటే చదివింది. పెదాలు బిగబట్టింది. లంగరు దగ్గరికి వచ్చేసరికి ఇక ఆపుకోలేక బల్ల మీద కూలబడి పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు కోసం రేవులో ఉన్న ప్రతి పడవకీ చీటీలు అంటించడానికి నేను సిద్ధం.

"నువ్వు పిచ్చివాడివి," అంది కళ్ళు తుడుచుకుంటూ.

"జాగ్రత్తపరుణ్ణి."

"రెండూ ఒకటే. తాతకి చూపించాలి ఇవి."

ఆ తర్వాత ఇంజిన్ దగ్గరికి పిలిచి ఎర్రటి చుట్టల తాడొకటి తీసింది. ఒక కొస ఇంజిన్ స్విచ్‌కి తగిలించి ఉంది. రెండో కొసను నా మణికట్టుకు చుట్టి, క్లిప్పు పెట్టి, గట్టిగా లాగి చూసింది.

"నువ్వు నీళ్ళలో పడితే ఇది ఊడుతుంది, ఇంజిన్ ఆగిపోతుంది. లేకపోతే నువ్వు ఒకవైపు, పడవ ఒకవైపు. ఒక్కోసారి పడవ గుండ్రంగా తిరిగి నీ మీదికే వస్తుంది. ఎప్పుడూ కట్టుకోవాలి. అర్థమైందా?"

అర్థమైంది. ఇంజిన్ సంగతి మాత్రం కాదు. నా మణికట్టు మీద ఆమె వేళ్ళు ఆనగానే నాలో ఏదో ఒక్క క్షణం ఆగిపోయి, రెట్టింపు వేగంతో కొట్టుకుంది.

"నాడి వేగంగా ఉందే?" అంది తిరిల్.

"కాఫీ," అన్నాను.

"ఇంకో సంగతి. ఎక్కడికి వెళ్తున్నావో, ఎన్నింటికి తిరిగొస్తావో ఒడ్డున ఒక మనిషికి చెప్పి వెళ్ళాలి."

"ఈ ఊళ్ళో నాకెవరున్నారు?"

తిరిల్ తాడు చుట్ట చుడుతూ తల వంచుకుంది. "నాకు చెప్పు," అంది. వెంటనే, "రూలు కాబట్టి," అని చేర్చింది.

రూలు రూలే. పడవ జెట్టీ దాటొచ్చని ఆమె సరే అన్న రోజు నుంచి ప్రతి ప్రయాణానికీ ఫోన్లో సందేశం పెట్టాను. 'లైట్‌హౌస్ దాకా. గంటన్నర.' 'పక్క దీవి దాకా. నలభై నిమిషాలు.' కొన్నాళ్ళకు పడవ లేనప్పుడు కూడా పెట్టడం మొదలైంది. 'రొట్టెల షాపుకి. పది నిమిషాలు.' దానికి జవాబు వచ్చింది: 'గాలి ఎలా ఉందో చూసుకున్నావా? దాల్చినచెక్క బన్ను ఒకటి నాకు.'

* * *

మే నెల మూడో వారంలో తిరిల్ నన్ను నీళ్ళలో దూకమంది.

"ఎందుకు?"

"పడ్డాక ఎలా ఎక్కుతావో చూడాలిగా. అందరూ పడకుండా ఎలా ఉండాలో నేర్చుకుంటారు. పడ్డవాడు ఎక్కడం ఎవరూ నేర్చుకోరు. దూకు."

"నీళ్ళు ఎన్ని డిగ్రీలు?"

"తొమ్మిది. సముద్రంలో పడేవాళ్ళు ముందు డిగ్రీలు అడగరు."

నీళ్ళలో తేల్చే లైఫ్ జాకెట్ పట్టీలు బిగించుకుని, జెట్టీకి కట్టిన పడవలోంచి దూకాను. ఊపిరి ఆగిపోయింది. నోట్లోంచి వచ్చిన శబ్దం మా అడవి దుప్పులు కూడా చెయ్యవు. ఈదుకుంటూ పడవ పక్కకు వచ్చి నిచ్చెన కోసం చెయ్యి చాపాను. నిచ్చెన పైన ఉంది. అందంగా, నీటుగా, నేనే తాడుతో మూడు ముళ్ళు వేసి కట్టిపెట్టాను.

"నిచ్చెన కట్టేసి ఉంది!" అన్నాను పళ్ళు కొట్టుకుంటుంటే.

"అవును. చక్కగా కట్టావు," అంది తిరిల్ బన్ను తింటూ. "చీటీ కూడా ఉంది. 'వాడనప్పుడు కట్టి ఉంచవలెను' అట."

"తిరిల్!"

"నీళ్ళలోంచి అందేలా ఉండాలని చెబితే తలూపావు. ఇప్పుడు ఒళ్ళు కూడా ఊగుతోంది, ఇక మర్చిపోవు." అంటూనే వంగి, జాకెట్ మెడ దగ్గరి పట్టీ పట్టుకుని ఒక్క గుంజుతో నన్ను పైకి లాగింది. చేపలా పడవలో పడ్డాను.

అప్పుడే వాన మొదలైంది. ముందు నాలుగు చినుకులు, మమ్మల్ని చూసి నవ్వినట్టు. ఆ తర్వాత కుండపోత. తిరిల్ పడవ మీద కప్పే టార్పాలిన్ లాగి ఇద్దరి నెత్తిన కప్పింది. తన స్వెట్టరు విప్పి నాకు తొడిగింది. చేతులు మోచేతుల దాకే వచ్చాయి. గ్రీజు వాసన, ఊలు వాసన, బన్నులో దాల్చినచెక్క వాసన. టార్పాలిన్ మీద వాన దరువు వేస్తోంది.

"ఇంకా వణుకుతున్నావు," అంది.

"ఇది చలికి కాదు."

"మరి?"

"ఒక మాట చెప్పాలి. నీళ్ళలో ఉన్నప్పుడు చెబితే నువ్వు పైకి లాగవేమోనని ఆగాను."

"చెప్పు. ఇప్పుడు మళ్ళీ తోసెయ్యడం పెద్ద పని కాదు."

చెప్పాను. పెద్దగా ఏమీ లేదు. సముద్రం చూసి పడవ కొన్నాననీ, పడవ కొన్నందుకు ఆమె కనిపించిందనీ, ఇప్పుడు కిటికీలోంచి చూస్తే సముద్రం కనిపించడం మానేసి ఒక షెడ్డు మాత్రమే కనిపిస్తోందనీ. తిరిల్ నా తడి జుట్టును చేత్తో వెనక్కి దువ్వి, నుదుటి మీద ముద్దు పెట్టింది.

"కానీ తాత ఉన్నాడు," అంది.

తిరిల్ వాళ్ళమ్మ ఓడల్లో వంట చేస్తుంది. ఏడాదిలో సగం నీళ్ళ మీదే. తిరిల్‌ని పెంచింది తాత. జడ వెయ్యడం నుంచి ఇంజిన్ విప్పడం దాకా అన్నీ ఆయనే నేర్పాడు.

"ఆయన వద్దంటే నేను రాను, హల్వర్. నీ మీద ఇష్టం లేక కాదు. ఆయన్ని ఒక్కణ్ణీ ఆ ఇంట్లో, కోపంతో వదిలేసి నేను ఎక్కడా సంతోషంగా ఉండలేను. నాకు తెలుసు."

"పెళ్ళికి ఒప్పుకొమ్మని అడుగుతాను."

"అడిగితే ఒకే మాట అంటాడు. 'నన్ను ఒకసారి పడవలో దీవి చుట్టూ తిప్పి తీసుకురా.' మా పిన్నిని చేసుకున్నాయన్ని కూడా అలాగే అడిగాడు. దారిలో ఏమీ మాట్లాడడు. తిరిగొచ్చాక చెప్తాడు."

అడిగాను. ఆయన అదే అన్నాడు.

* * *

ఆ మధ్యే ఒకరోజు బన్నులు పట్టుకుని షెడ్డుకు వెళితే తిరిల్ కిటికీ దగ్గర బల్ల మీద పనిచేస్తోంది. ఒక స్క్రూ బిగించింది. బైనాక్యులర్స్ తీసి సముద్రం వైపు చూసింది. అదే స్క్రూ విప్పింది. మళ్ళీ బిగించింది. మళ్ళీ చూసింది.

"ఎవరి కోసం?"

"తాత. మాకెరెల్ చేపలకి వెళ్ళాడు."

"జాకెట్ వేసుకున్నాడా?"

తిరిల్ వింతగా నవ్వింది. "మూడు క్రిస్మస్‌లకి మూడు జాకెట్లు కొన్నాను. ఒకటి పడవ బల్ల మీద దిండు. ఒకటి కూరమళ్ళలో దిష్టిబొమ్మకి తొడిగాడు. మూడోది ఇంకా కాగితం విప్పలేదు. అరవై రెండేళ్ళుగా వేసుకోలేదట, ఇప్పుడు వేసుకుంటే సముద్రం నవ్వుతుందట."

"చిన్న పడవ కదులుతుంటే అందరూ వేసుకోవాలని చట్టం ఉంది కదా? జెట్టీ దగ్గర నోటీసు కూడా..."

"ఆ నోటీసు అంటించింది ఎవరనుకున్నావు? ఆయనే."

దూరంగా మలుపు దగ్గర చిన్న చుక్కలా పడవ కనిపించింది. తిరిల్ బైనాక్యులర్స్ కింద పెట్టింది. అప్పుడు గానీ బన్ను కొరకలేదు.

* * *

జూన్ రెండో ఆదివారం. సముద్రం పళ్ళెంలో పోసిన పాలలా ఉంది. పదకొండు గంటలకు స్వెర్రె ఫ్లాస్కు, వెన్న రాసిన లెఫ్సె రొట్టెల పొట్లం పట్టుకుని వచ్చి నా పడవ ముందు బల్ల మీద కూర్చున్నాడు. అదే బూడిదరంగు స్వెట్టరు.

"నేనేమీ మాట్లాడను. నువ్వు నడుపు," అన్నాడు.

బిరడా చూశాను. పెట్రోలు చూశాను. గాలి సమాచారం చూశాను. నిచ్చెన అందేలా దింపాను. తిరిల్‌కి సందేశం పెట్టాను. నా జాకెట్ వేసుకుని, ఎర్ర తాడు మణికట్టుకు కట్టుకున్నాను. ఆయన అన్నీ గమనిస్తున్నాడు, ముఖంలో ఏమీ తెలియనివ్వడం లేదు. జెట్టీకి కట్టిన తాడు విప్పే ముందు ఒక నారింజరంగు జాకెట్ తీసి ఆయనకు అందించాను.

"అది పక్కన పెట్టు."

"వేసుకోండి, స్వెర్రె గారూ."

"అరవై రెండేళ్ళు. నువ్వు ఏప్రిల్‌లో ర్యాంపు మీదే పడవ ముంచావు."

"ముంచాను. అందుకే అడుగుతున్నాను."

"చలికి స్వెట్టరు చాలు నాకు."

"నోటీసు అంటించింది మీరే కదండీ."

"అది కొత్తవాళ్ళకి."

"నా పడవలో మీరు కొత్తవారే."

ఆయన కనుబొమలు పైకి లేచాయి. తిరిల్‌కి ఆ కనుబొమలు ఎక్కణ్ణుంచి వచ్చాయో అప్పుడర్థమైంది. ఫ్లాస్కు మూత తీసి కాఫీ పోసుకున్నాడు. నేను ఇంజిన్ దగ్గర కూర్చున్నాను. జెట్టీకి తాడు కట్టే ఉంది.

పదిహేను నిమిషాలు గడిచాయి. కుక్కతో వాహ్యాళికి వచ్చిన ఒకావిడ జెట్టీ మీద ఆగింది.

"ఏం స్వెర్రె, బయల్దేరుతున్నారా? వచ్చేశారా?"

"కూర్చున్నాం," అన్నాడాయన.

అరగంట. లెఫ్సె ఒకటి నాకిచ్చాడు. తీసుకున్నాను. ఒకరినొకరు చూసుకుంటూ నమిలాం. వెచ్చటి ఎండ. పక్క పడవలవాళ్ళు తాపీగా తమ తాళ్ళు సర్దుకుంటున్నట్టు నటిస్తూ మమ్మల్నే చూస్తున్నారు.

గంట. స్వెర్రె గొంతు తగ్గించాడు. "చూడవయ్యా. నీళ్ళలో అల కూడా లేదు. ఇరవై నిమిషాల పని. తిప్పి తీసుకొస్తావు, నేను సరే అంటాను, నువ్వు మా అమ్మాయిని చేసుకుంటావు. ఇంత చిన్న విషయానికి ఆ సంగతి పాడుచేసుకుంటావా?"

నా చెయ్యి తాడు మీదికి వెళ్ళింది. దాచడం ఎందుకు? వెళ్ళింది. ఒక్క ముడి. అది విప్పితే తిరిల్ నాది. సముద్రం నిద్రపోతోంది. ఎవరూ పడరు. ఎవరికీ ఏమీ కాదు. ఆయన సరే అనకపోతే ఆమె రాదు, ఆ మాట ఆమె నోటితోనే విన్నాను. ఇంత మొండితనం చేసి ఆయన్ని కోపంతో ఇంటికి పంపిస్తే నాకు మిగిలేది ఒక పడవ, బోలెడన్ని చీటీలు.

తల ఎత్తాను. జెట్టీకి ముప్పై అడుగుల దూరంలో షెడ్డు కిటికీ. కిటికీలో తిరిల్. ఇంత దగ్గర నుంచి, ఒడ్డుకు కట్టి ఉన్న పడవలో ఉన్న మనిషిని, బైనాక్యులర్స్ పెట్టుకుని చూస్తోంది.

తాడు వదిలేశాను.

"స్వెర్రె గారూ, వెనక్కి తిరిగి ఒకసారి ఆ కిటికీ చూడండి."

తిరిగాడు. "ఏం చేస్తోందది? మనం ఇక్కడే ఉన్నాంగా!"

"మీరు చేపలకి వెళ్ళినప్పుడల్లా అక్కడే ఉంటుంది. బిగించిన స్క్రూనే విప్పి మళ్ళీ బిగిస్తుంది. మీ పడవ మలుపు తిరిగి కనిపించేదాకా ముద్ద ముట్టదు. మీరు వచ్చేసరికి ఏమీ ఎరగనట్టు ఇంజిన్ కింద దూరిపోతుంది."

"నాతో ఎప్పుడూ అనలేదే."

"మూడు క్రిస్మస్‌లకి అంది కదండీ."

ఆయన కాఫీ కప్పు బల్ల మీద పెట్టాడు. కోపం వస్తుందనుకున్నాను. లేచి దిగి వెళ్ళిపోతాడనుకున్నాను. నాకు మాత్రం మాట పూర్తిచెయ్యక తప్పలేదు.

"మీరు కాదంటే తిరిల్ నాకు దక్కదు. తెలుసు. కానీ ఆమె అలా చూస్తుండగా మిమ్మల్ని ఇలా తీసుకెళ్ళి, రేపటి నుంచి ఆమె మొహం చూడటం నావల్ల కాదు. ఈ తాడు నేను విప్పను."

కుక్కావిడ తిరుగు నడకలో మళ్ళీ వచ్చింది. "ఇంకా కూర్చున్నారా?"

"నువ్వు నడువమ్మా, నడువు," అన్నాడు స్వెర్రె.

ఆమె వెళ్ళేదాకా ఆగి, నా వైపు చూడకుండానే చెయ్యి చాపాడు. "ఇటియ్యి."

ఇచ్చాను. ఆయన జాకెట్‌ను అటూ ఇటూ తిప్పి, చేతులు దూర్చి, కింద వేలాడే పట్టీని వేళ్ళతో ఎత్తి పట్టుకున్నాడు.

"ఇది ఎక్కడికి పోతుంది?"

"కాళ్ళ మధ్యలోంచి ముందుకి. లేకపోతే నీళ్ళలో జాకెట్ తల మీదికి లేచిపోతుందండీ."

"ఛీ," అన్నాడు. అయినా పెట్టుకున్నాడు. పట్టీ నేను బిగించాను. పక్క పడవల్లో ఎవరో దగ్గారు. స్వెర్రె అటు తిరిగి, "ఎవడికైనా దగ్గు మందు కావాలా? మా ఫార్మసీ అబ్బాయి ఇక్కడే ఉన్నాడు," అన్నాడు. దగ్గు ఆగిపోయింది.

తాడు విప్పాను.

దీవి చుట్టూ తిరిగి రావడానికి పాతిక నిమిషాలు పట్టింది. మాట ప్రకారం ఆయన దారిలో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. నేను అవతలి రాళ్ళకు ఎంత దూరంగా తిప్పుతానో చూశాడు. ఎదురుగా వచ్చిన తెరచాప పడవకు దారి ఇచ్చి వేగం తగ్గించడం చూశాడు. ఒక్కసారి మాత్రం, మలుపు దాటి ఊరు కనబడగానే, షెడ్డు కిటికీ వైపు తిరిగి చెయ్యి పైకెత్తి ఊపాడు. నారింజరంగు జాకెట్‌లో ఆయన ఎంత దూరానికైనా కనిపిస్తాడు.

జెట్టీ మీదికి తిరిల్ పరుగెత్తుకుని వచ్చేసింది. చేతిలో స్క్రూడ్రైవర్, మెడలో బైనాక్యులర్స్. కళ్ళ నిండా నీళ్ళు, నోటి నిండా నవ్వు. "తాతా..." అని ఆగిపోయింది.

స్వెర్రె తాడు తానే కట్టాడు. జెట్టీ ఎక్కాడు. జాకెట్ విప్పలేదు.

"ఏమయ్యా, మీ వైపు ఎంతమంది ఉంటారు?" అన్నాడు.

"దేనికండీ?"

"లెక్క చెప్పవయ్యా. పెద్దవాళ్ళు ఎంతమంది, పిల్లలెంతమంది? పిల్లల సైజు వేరు."

వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. మామయ్యలు, అత్తయ్యలు, వాళ్ళ పిల్లలు. "ముప్పై రెండు."

"ముప్పై రెండు మంది అడవి మనుషులు!" ఆయన ఆకాశం వంక చూశాడు. "మా ఇంట్లో పెళ్ళి విందు దీవి మీదే. అందరూ పడవల్లోనే రావాలి. ముప్పై రెండు జాకెట్లు ఎక్కణ్ణుంచి తెచ్చేది? తిరిల్, సంఘం కొట్లో ఎన్ని ఉన్నాయో చూడు. కూరమళ్ళలోది కూడా తీసుకురా, దిష్టిబొమ్మకి నా కోటు తొడుగు."

తిరిల్ ఆయన మెడ చుట్టూ చేతులు వేసింది. జాకెట్ ఉబ్బెత్తుగా అడ్డం వచ్చింది. అయినా వదల్లేదు. తాత భుజం మీద నుంచి నన్ను చూసి, స్క్రూడ్రైవర్ ఉన్న చెయ్యి చాపింది. వెళ్ళి ఆ చెయ్యి పట్టుకున్నాను.

* * *

పెళ్ళి పోయిన శనివారం అయింది.

పది పడవలు. పట్టు శాలువాలు, వెండి గుండీలు, వాటి మీద నారింజరంగు జాకెట్లు. మా పెద్దత్తయ్య జీవితంలో మొదటిసారి సముద్రం మీద కూర్చుని, పట్టీ సరిగ్గా బిగిసిందో లేదో అని స్వెర్రెని మూడుసార్లు పిలిచింది. ఆయన మూడుసార్లూ వచ్చాడు. ముందు పడవలో నేనూ తిరిల్. నా మణికట్టుకు ఎర్ర తాడు. ఆమె తెల్ల గౌను మీద జాకెట్, తలలో అడవి పూలు, ముక్కు మీద, ఎలా వచ్చిందో గానీ, గ్రీజు మరక.

ఫోటోగ్రాఫరు పక్క పడవలోంచి కెమెరా ఎత్తి, దించి, మళ్ళీ ఎత్తి బతిమాలాడు. "పెళ్ళికూతురు ఒక్కరైనా ఆ జాకెట్ తీసేయకూడదా? ఒక్క ఫోటోకి! గౌను కనబడటం లేదు."

తిరిల్ నా వంక చూసింది. నేను స్వెర్రె వంక చూశాను.

స్వెర్రె తన పట్టీ మీద ఒక చరుపు చరిచి, ఫోటోగ్రాఫరుకు వినబడేలా అరిచాడు. "కళ్ళు కనబడటం లేదా నాయనా? పడవ కదులుతోంది!"